పటమటలో ఐస్‌క్రీమ్, చాక్లెట్ యూనిట్: మిషను కొనకముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: విజయవాడ పటమటలో సొంతింటి కింద పోర్షన్ ఖాళీగా ఉంది, అన్నదమ్ములిద్దరూ ఐస్‌క్రీమ్, మీ వదినగారు చాక్లెట్లు చేద్దామనుకుంటున్నారు, ఏ మిషను కొనాలి, ఫార్ములా ఏంటి, ఈ ఎండాకాలానికే తెరవొచ్చా, గుంటూరుకి ఎలా పంపాలి అని.

మిషను బ్రాండు గురించి అంత ఆలోచించకండి. ఇలాంటి చిన్న యూనిట్లు దెబ్బతినేది రెండు చోట్ల: తూకం కాగితం మీద లేకపోవడం, చలి మధ్యలో తెగిపోవడం. ఈ రెండిటికీ ఇంట్లో ఒక్క మనిషి బాధ్యుడుగా ఉండాలి. కుటుంబ వ్యాపారంలో అందరూ అన్నీ చూస్తారు, అందుకే ఏదీ ఎవరూ పూర్తిగా చూడరు. వ్యవస్థాపకుడి అసలు పని కౌంటర్లో కూర్చోవడం కాదు, బ్యాచ్ పుస్తకం రాయడం. తేదీ, పాల వెన్న శాతం, ప్రతి దినుసు గ్రాముల్లో, వేడి చేసిన డిగ్రీలు, మిషన్లోంచి తీసినప్పటి డిగ్రీలు, కప్పు బరువు, ఎవరు చేశారు. రుచి చూసి వేసే చెయ్యి ఎంత మంచిదైనా ఆ మనిషికి జ్వరం వస్తే కొట్టు రుచి మారిపోతుంది.

ముందు ఫార్ములా. మనకు దొరికేది ఎక్కువగా గేదె పాలు, వెన్న 6 నుంచి 7 శాతం, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. 9 దగ్గర ఉంటాయి (ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. అంటే పాలలో వెన్న కాక మిగిలిన ఘన పదార్థాలు). దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ప్రకారం డబ్బా మీద ఐస్‌క్రీమ్ అని రాయాలంటే పాల వెన్న కనీసం 10 శాతం, మొత్తం ఘన పదార్థాలు 36 శాతం, పాల ప్రొటీన్ 3.5 శాతం ఉండాలి, లీటరు సరుకు 525 గ్రాములకు తగ్గకూడదు. పాల వెన్న బదులు వనస్పతి, పామాయిల్ కొవ్వు వాడితే అది ఫ్రోజెన్ డెజర్ట్. తినడానికి బాగున్నా ఐస్‌క్రీమ్ అని రాయకూడదు.

6.5 శాతం వెన్న ఉన్న గేదె పాలతో 10 కిలోల మిక్స్‌కి లెక్క ఇది: పాలు 6 కిలోల 450 గ్రాములు, 40 శాతం కొవ్వున్న క్రీమ్ కిలో 550 గ్రాములు, స్కిమ్డ్ మిల్క్ పౌడర్ 460 గ్రాములు, పంచదార కిలోన్నర, స్టెబిలైజర్-ఎమల్సిఫైయర్ మిశ్రమం 40 గ్రాములు. వెన్న 10.4, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. 11, మొత్తం ఘనపదార్థాలు 37 శాతానికి కొంచెం తక్కువగా వస్తాయి. అన్నీ కిలోల్లోనే తూచండి. క్రీమ్‌ని లీటరు కొలతతో పోస్తే లెక్క తప్పుతుంది. ప్యాకెట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ 25 శాతమే, దాన్ని 40 అనుకుని పోస్తే వెన్న 10 కిందికి దిగిపోతుంది. పాలు రోజూ ఒకేలా రావు కాబట్టి వెన్న శాతం కొలిచే గెర్బర్ పరీక్ష సామానో, చిన్న మిల్క్ అనలైజరో మొదటి నెలలోనే ఉండాలి. మన ఊళ్ళల్లో పాలకేంద్రంలో ప్రతి రైతుకీ వెన్న, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. చూసి డబ్బు కడతారు. ఆ పాలు కొనే మీరు చూడకుండా పోయించుకోవడం సరికాదు.

ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. ఎక్కువైతే చిక్కగా ఉంటుందని పౌడర్ పెంచేవాళ్ళున్నారు. 12 దాటిందంటే వారం తిరిగేసరికి నాలుక మీద సన్నటి ఇసుకలా తగులుతుంది. అది పంచదార కాదు, పాలలోని లాక్టోజ్ పలుకులు కట్టడం. మంచు పలుకుల్లా అవి నోట్లో వెంటనే కరగవు. పంచదార తగ్గించి, ఆరోగ్యానికి మంచిదని చెప్పి అమ్మాలనుకుంటే అదీ జాగ్రత్త: తీపి కోసమే కాదు, గడ్డ రాయిలా కాకుండా ఆపేది కూడా పంచదారే. 13 కిందికి పోతే స్కూప్ దిగదు, 17 దాటితే మన ఎండకి కప్పులో నిలబడదు.

స్టెబిలైజర్ పొడిని నేరుగా పాలలో చల్లకండి, ఉండ కడుతుంది. దానికి పదింతల పంచదారతో పొడిగా కలిపి, పాలు 45 డిగ్రీలు వచ్చాక తిప్పుతూ వెయ్యాలి. పౌడర్ 40-45 దగ్గర, మిగతా పంచదార 50 దాటాక. తర్వాత పాశ్చరైజేషన్: గిన్నె పద్ధతిలో 68.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 80 డిగ్రీల దగ్గర 25 సెకన్లు. గేదె పాల కొవ్వు గోళాలు ఆవు పాల గోళాలకన్నా పెద్దవి, అందుకే ఆ గోళాల్ని చిన్నగా పగలగొట్టే హోమోజినైజర్ లేకుండా చేస్తే మిషన్లో చిలికినట్టయి వెన్న పలుకులు తేలతాయి, తిన్నాక అంగిట్లో జిడ్డు మిగులుతుంది. హోమోజినైజర్ వెంటనే కొనలేకపోతే పక్క ఊరి డెయిరీలో చేయించుకోగలరేమో కనుక్కోండి. అదీ కుదరకపోతే హై స్పీడ్ బ్లెండర్‌తో వేడిమీదే తిప్పి, ఎమల్సిఫైయర్ తప్పకుండా వెయ్యాలి. వచ్చే సరుకు హోమోజినైజర్ సరుకంత నునుపుగా ఉండదు, కానీ నెయ్యి తేలదు.

వేడి చేశాక వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు దింపండి. సూక్ష్మజీవులు పెరిగేది 5కీ 60కీ మధ్యనే. ఫ్యాను కింద పెట్టి చల్లారనిచ్చే పద్ధతి మే నెలలో చెయ్యకూడదు, గది గాలే 40 డిగ్రీలు ఉంటుంది కదా. ఐసు నీళ్ళలో క్యాను ముంచి తిప్పుతూ దించాలి. 4 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. ఆ సమయంలో కొవ్వు గట్టిపడి, స్టెబిలైజర్ నీళ్ళు పీల్చుకుంటుంది, గాలి పట్టే శక్తి వస్తుంది. ఈ మెట్టు తప్పించుకుని సాయంత్రానికే అమ్మితే మంచు పలుకులుగా, వదులుగా వస్తుంది, కారణం మిషన్లో వెతుకుతారు.

ఇప్పుడు మిషను. గంటకు 10 నుంచి 20 లీటర్ల బ్యాచ్ ఫ్రీజర్ (మిక్స్‌ని తిప్పుతూ గడ్డకట్టించే మిషను) మీకు చాలు. ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. ఒకటి, కండెన్సర్, అంటే మిషను వేడిని బయటికి వదిలే భాగం. గాలితో చల్లబడేది చౌక, కానీ చుట్టూ 42 డిగ్రీలు ఉన్నప్పుడు దాని శక్తి బాగా పడిపోతుంది, 10 నిమిషాల్లో అయ్యే బ్యాచ్ చాలా ఎక్కువసేపు తీసుకుంటుంది. అంతసేపు తిరిగితే వెన్న చిలుకుతుంది. నీళ్ళతో చల్లబడేది వేసవిలో నమ్మకం, అయితే బోరు నీళ్ళ ఉప్పు పైపుల్లో పేరుకుంటుంది, ఉప్పు తీసిన నీళ్ళు వాడాలి, ఏడాదికోసారి కడిగించాలి. రెండు, బ్లేళ్ళు, సీలు రింగులు ఇక్కడే దొరుకుతాయా అన్నది. బ్లేడు మొద్దుబారితే గోడ మీద మంచు పొర మిగిలి అది చలిని లోపలికి రానివ్వదు. ఒక సెట్ బ్లేళ్ళు, రెండు సెట్ల రింగులు, ఒక బెల్టు ముందే తీసి పెట్టుకోండి. మూడు, పూర్తిగా విప్పి కడగడానికి వీలుందా అన్నది. కడిగేటప్పుడు మొదట గోరువెచ్చటి నీళ్ళు, తర్వాత డిటర్జెంటు, చివర్న 100 పీపీఎం (లీటరుకి 100 మిల్లీగ్రాముల) క్లోరిన్ నీళ్ళు. మొదటే మరిగే నీళ్ళు పోస్తే పాల ప్రొటీన్ ఉడికి లోహానికి అంటుకుపోతుంది.

మిషన్లోంచి తీసినప్పుడు మైనస్ 5 లేక 6 డిగ్రీలు ఉండాలి. గాలి ఎంత పట్టిందో లెక్క ఇలా: ఒకే గిన్నెడు మిక్స్ తూచి, అదే గిన్నెడు తయారైన ఐస్‌క్రీమ్ తూచండి. అర లీటరు గిన్నెలో మిక్స్ 550 గ్రాములు, ఐస్‌క్రీమ్ 367 గ్రాములు వస్తే 50 శాతం గాలి పట్టినట్టు. చిన్న యూనిట్‌కి 40-50 మధ్య బాగుంటుంది. లీటరు ఖర్చు కూడా ఇక్కడే తేలుతుంది: 50 శాతం గాలి ఉన్న లీటరు 733 గ్రాములు, కిలో మిక్స్ ఖర్చుని 0.73తో హెచ్చవేస్తే లీటరు దినుసుల ఖర్చు. చాలామంది పాల ధర చూసి లీటరు ధర ఊహిస్తారు, అక్కడే లాభం పోతుంది. ఆ లీటరు ఖర్చు మీద కరెంటు, డబ్బా, మీ అన్నదమ్ముల జీతం కలపండి. ఇంట్లో వాళ్ళకి జీతం ఎందుకని వదిలేస్తే ధర తక్కువగా కట్టి, రెండో ఏడాది పెంచలేక ఇబ్బంది పడతారు.

ఇక నేను ఎక్కువగా నొక్కి చెప్పే సంగతి ఇది. మామూలు డీప్ ఫ్రీజరు ఉన్న చలిని కాపాడే డబ్బా, చలి చేసే మిషను కాదు. మైనస్ 5 దగ్గర మెత్తగా వచ్చిన ఐస్‌క్రీమ్ని 5 లీటర్ల టబ్బుల్లో పోసి అందులో వరసగా పేరిస్తే మధ్య భాగం మైనస్ 18కి దిగేసరికి ఒక రోజు పట్టొచ్చు. నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవవుతాయి, ఎంత మంచి ఫార్ములా అయినా పలుకులు తగులుతాయి. కౌంటరు అలంకరణకి పెట్టే డబ్బులో సగం తీసి త్వరగా గట్టిపరిచే హార్డెనింగ్ ఫ్రీజరు మీద పెట్టండి. మైనస్ 30కి దిగే గాలి ఊదే రకం అయితే ఉత్తమం. అంత కుదరకపోతే వేరే ఫ్రీజరు కొత్త సరుకుకే ప్రత్యేకంగా ఉంచి, అర లీటరు, లీటరు డబ్బాల్లో, మధ్యలో సందులు ఉంచి, పలచగా పేర్చండి. అమ్మే ఫ్రీజర్లో కొత్త సరుకు పెట్టొద్దు, మూత పది సార్లు తెరిచే చోట గట్టిపడదు. కౌంటర్ స్కూపింగ్ మైనస్ 12 నుంచి 14, నిల్వ మైనస్ 18 లేక దానికన్నా కింద.

కరెంటు గురించి మీరు అడగలేదు, అడగాల్సింది అదే. ఐస్‌క్రీమ్ పాడయ్యేది పూర్తిగా కరగడం వల్లే కాదు. మైనస్ 20 నుంచి మైనస్ 8కి వచ్చి మళ్ళీ మైనస్ 20కి పోయినా చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటికి అతుక్కుంటాయి. రోజుకి రెండు కోతలు పది రోజులు అలా జరిగితే సరుకు గరుకుగా మారుతుంది, పైన తెల్లటి మంచు పూస్తుంది. కోత పడగానే మూత తెరవకండి, ప్రతి ఫ్రీజర్లో థర్మామీటరు ఉంచి పొద్దున, సాయంత్రం డిగ్రీలు రాయండి. జనరేటరు సైజు లెక్కేసేటప్పుడు నడుస్తున్న వాట్లు కాదు, కంప్రెసరు మొదలయ్యేటప్పుడు లాగేది చూడాలి, అది చాలా రెట్లు ఉంటుంది. అన్నీ ఒకేసారి మొదలవకుండా ఒక్కొక్క ఫ్రీజరుకీ టైమ్ డిలే స్విచ్ పెట్టించండి, ఇది చిన్న ఖర్చు. ఫ్రీజర్లు గోడకు ఆనించొద్దు, వెనక జానెడు ఖాళీ, పైన వేడి గాలి పోయే దారి ఉండాలి. సీపీడీసీఎల్ వాళ్ళ దగ్గర తయారీకి, కౌంటరుకి వేరు మీటర్లు తీసుకోవడం మంచిది, రెండూ ఒక మీటరు మీద ఉంటే ఏ కేటగిరీ అన్నదానికి తగువు వస్తుంది. కరిగి 4 డిగ్రీలు దాటిన సరుకుని మళ్ళీ గడ్డకట్టించి అమ్మొద్దు, పారబొయ్యండి.

మామిడి. నున్న మార్కెట్ దగ్గరే ఉంది, బంగినపల్లి, రసాలు తాజాగా దొరకడం మీ బలం. రసాల్లో వాసన ఎక్కువ, పీచు ఎక్కువ, వడకట్టాలి. బంగినపల్లిలో కండ ఎక్కువ, వాసన కాస్త తక్కువ. రెండూ సగం సగం కలిపితే రంగు, వాసన రెండూ నిలబడతాయి. మిక్స్ 8 కిలోలకు గుజ్జు 2 కిలోలు వేస్తే వెన్న 10.4 నుంచి 8.3కి పడుతుంది, ఐస్‌క్రీమ్ కాస్తా మీడియం ఫ్యాట్ వర్గంలోకి పోతుంది. మామిడి బ్యాచ్‌కి బేస్‌లో క్రీమ్ పెంచి 13 శాతం దగ్గర చేసుకోవాలి. గుజ్జుని విడిగా 80-85 డిగ్రీలకు వేడి చేసి చల్లార్చి, మిక్స్ బాగా చల్లబడ్డాకే కలపండి. వేడి పాలలో వేస్తే పులుపుకి విరుగుతుంది. వేడి చేయకుండా కలిపితే మీరు పాశ్చరైజ్ చేసిన కష్టమంతా వృథా. 1984లో ముంబై జుహూలో న్యాచురల్స్ ఐస్‌క్రీమ్ దుకాణం మొదలుపెట్టిన రఘునందన్ కామత్ పండ్ల వ్యాపారి కొడుకు. ఏ పండు ఏ రోజుకి పండుతుందో తెలిసిన ఇంటి నుంచి వచ్చారు కాబట్టే ఆ దుకాణం పండ్ల ఐస్‌క్రీమ్ మీదే నిలబడింది. మీ ఇంట్లో మామిడి ఎంచడం ఎవరికి బాగా తెలుసో వాళ్ళనే పొద్దున మార్కెట్‌కి పంపండి.

చాక్లెట్ దగ్గరికొస్తే సూత్రాలన్నీ తిరగబడతాయి. ఐస్‌క్రీమ్‌కి చలి కావాలి, కడగడానికి నీళ్ళు కావాలి. చాక్లెట్‌కి పొడి గది కావాలి, ఒక్క చుక్క నీళ్ళు పడినా గడ్డకట్టి ఇసుకలా అయిపోతుంది. రెండూ ఒకే గదిలో చెయ్యొద్దు. కింద పోర్షన్లో చిన్న గది ఒకటి వదినగారికి పూర్తిగా విడిచిపెట్టండి, ఏసీతో 20-22 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం దగ్గర. గోడకు తక్కువ ధరకే వచ్చే తేమ మీటరు తగిలించండి. వానాకాలంలో తేమ తగ్గించే మిషను కూడా అవసరపడుతుంది. ఇంకో మాట, ఏప్రిల్-మేలో ఇంట్లో ఆవకాయ పెడతారు కదా. ఆ ఆవపిండి, కారం, వెల్లుల్లి వాసన చాక్లెట్, క్రీమ్ రెండూ ఇట్టే పీల్చుకుంటాయి. జాడీలు పై అంతస్తులోనే ఉండాలి.

కాంపౌండ్ వాడతారా, అసలు కోకో బటర్ ఉన్న చాక్లెట్ వాడతారా అన్నది ముందే తేల్చుకోండి. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది, కరిగించి అచ్చులో పోస్తే సరిపోతుంది, మన ఎండకి కాస్త నిలబడుతుంది, కానీ నోట్లో మైనంలా ఉండిపోతుంది. చాక్లెట్ అని రాయాలంటే కోకో బటర్ కాని వేరే కొవ్వు 5 శాతం దాటకూడదు. అసలు చాక్లెట్‌కి టెంపరింగ్ తప్పదు. డార్క్‌ని 45-50 డిగ్రీలకు కరిగించి, 27-28కి దింపి, మళ్ళీ 31-32కి తెచ్చి అచ్చులో పోయాలి. మిల్క్‌ని 40-45, 26-27, 29-30. మిషను లేకపోతే విత్తన పద్ధతి: మూడొంతులు కరిగించి, ఒక వంతు సన్నగా తరిగిన మంచి చాక్లెట్ అందులో వేసి, అది కరిగేదాకా తిప్పుతూ దించాలి. కత్తి మొనను ముంచి తీసి పక్కన పెట్టండి. 5 నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే అచ్చులో పోయవచ్చు, చారలు కడితే ఇంకా కాలేదు.

బూడిద రంగు పూత వచ్చిందంటే వేలితో రుద్దండి. కరిగి మాయమైతే అది కొవ్వు పైకి తేలడం, టెంపరింగ్ తప్పో, ఎండలో కరిగి మళ్ళీ గట్టిపడడమో. గరుకుగా ఉండి పోకపోతే అది తేమ వల్ల పంచదార పైకి రావడం, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా బయటి గాలిలో పెట్టినందుకు. అందుకే అచ్చుల్ని 10-12 డిగ్రీల దగ్గర 15-20 నిమిషాలు మాత్రమే ఉంచి తీయాలి, అమ్మే చాక్లెట్ని ఐస్‌క్రీమ్ ఫ్రీజర్లో దాచకూడదు. క్రీమ్ గనాష్ (క్రీమ్, చాక్లెట్ కలిపిన మెత్తటి పూరణం) ఉన్నవి పది రోజుల్లోపే అమ్మెయ్యాలి. మొదటి ఏడాది వేటపాలెం జీడిపప్పుతో ప్రలీన్ (పప్పు, పంచదార కలిపి నూరినది) లాంటి నీళ్ళు లేని పూరణాలు చేయడం మేలు, అవి ఎక్కువ రోజులు ఉంటాయి. గుంటూరు మిర్చి వేయాలనుకుంటే పొడి కలపకుండా, కోకో బటర్‌లో వేడి చేసి వడకట్టండి. కారం కొవ్వులో కరుగుతుంది, అందుకే మొదట తీపి తగిలి కారం వెనకాలే వస్తుంది.

పక్కనే ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంట. దేశంలో కోకో ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే. గింజ నుంచి చాక్లెట్ చేయాలన్న కోరిక మీకు వస్తుంది. కానీ గింజ పులియబెట్టడానికి 5-7 రోజులు, తేమ 7 శాతానికి ఎండబెట్టడం, వేయించడం, తొక్క తీయడం, రాతి మెలాంజర్లో రెండు మూడు రోజులు రుబ్బడం ఇదంతా మరో వ్యాపారం. రెండేళ్ళ తర్వాత చూడండి.

ఐస్‌క్రీమ్ని చాక్లెట్‌తో కలిపేటప్పుడు మూడు మాటలు. చాక్లెట్ ఐస్‌క్రీమ్‌కి కోకో పొడి 3-4 శాతం, దాన్ని మిక్స్‌తోపాటే వేడి చేయాలి, పంచదార రెండు శాతం పెంచి స్టెబిలైజర్ కొంచెం తగ్గించాలి, కోకో తనంతట తానే చిక్కబరుస్తుంది. చాక్లెట్ ముక్కలు నేరుగా వేస్తే మైనస్ 18 దగ్గర రాళ్ళలా ఉంటాయి, అందుకే వాటిలో కొంత నూనె కలిపి కరిగించి సన్నధారగా పోయాలి. పుల్ల ఐస్‌క్రీమ్ పైపూతకి డార్క్ 700 గ్రాములకు శుద్ధి చేసిన కొబ్బరి నూనె 300 గ్రాములు, 38-40 డిగ్రీల దగ్గర ముంచండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల కిందకి రాగానే గట్టిపడుతుంది, ఆ పటపట పగిలే పొర దానివల్లే. ఆ పూతని చాక్లెట్ అని రాయకండి, నూనె 5 శాతం దాటింది.

లైసెన్స్ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫోస్కోస్ పోర్టల్లో, మీ టర్నోవరు, ఉత్పత్తి బట్టి రిజిస్ట్రేషనో, స్టేట్ లైసెన్సో. పన్ను విషయంలో ఒకటి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది: ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్ళకి జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) లేదు. సరుకు అమ్మేవాళ్ళకిచ్చే, 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న వెసులుబాటు కూడా లేదు, 20 లక్షలే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్, చాక్లెట్ రెండిటి మీదా పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటుతో లెక్కలు వేసుకోకండి.

ఎండాకాలానికి తెరవడం గురించి: మార్చిలో మొదలుపెట్టి ఏప్రిల్‌లో నేర్చుకోవడం కష్టం, ఆ నెలల్లో ఒక్క తప్పు వందమందికి తెలుస్తుంది. దసరాకి తెరవండి. అప్పుడు సీతాఫలం ఉంటుంది, చలికాలమంతా చాక్లెట్ అమ్మకం సాగుతుంది, ఐస్‌క్రీమ్ తక్కువ పరిమాణంలో మూడు నాలుగు రకాలే చేసి తూకాలు సరిచూసుకోవచ్చు, మార్చికల్లా చెయ్యి తిరుగుతుంది.

గుంటూరుకి పంపడం గురించి కూడా అడిగారు కాబట్టి: కోకో బటర్ 34 డిగ్రీలకే కరుగుతుంది, మే నెల మధ్యాహ్నం బైకు డబ్బాలో అది పది నిమిషాల పని. థర్మాకోల్ పెట్టె, అడుగున, పైన జెల్ ప్యాకులు, చాక్లెట్‌కీ జెల్‌కీ మధ్య మందపాటి అట్ట పెట్టి, పొద్దున ఎనిమిదిలోపు బయలుదేరేలా చూడండి. ఐస్‌క్రీమ్‌కి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్), అది మైనస్ 78 డిగ్రీలు, చేతికి మందపాటి గ్లోవ్స్ ఉండాలి, కారు అద్దం కొంచెం దించాలి, పెట్టె మూత బిగించి టేపు వెయ్యకూడదు, గ్యాసు బయటికి పోవాలి. చేరాక డబ్బా మూత తీసి మధ్యలో థర్మామీటరు గుచ్చి చూసి, మైనస్ 12 కన్నా పైన ఉంటే ఆ రోజుకి ఆ సరుకు అమ్మకుండా పక్కన పెట్టమని అక్కడి వాళ్ళకి ముందే చెప్పండి.